మొదటి ఆదివారం నలభై మంది, నాలుగో ఆదివారం నలుగురం. ఏం చేయాలి?

మట్టిచేతులు
మా వీధి చివర ఒక పొడవాటి గోడ, దాని పక్కన ఏళ్ళ తరబడి చెత్త. పోయిన నెల వీధి గ్రూపులో మెసేజ్ పెడితే ఏకంగా నలభై మంది వచ్చారు. చెత్త ఎత్తాం, గోడకు రంగు వేశాం, 60 మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. నాలుగో ఆదివారానికి నలుగురం మిగిలాం. మూడో వంతు మొక్కలు ఎండిపోయాయి. గోడ మూలన మళ్ళీ నల్ల కవర్లు. ఎవర్నీ తిట్టాలని కాదండీ, ఇలాంటి పని నిలబెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి.

నీళ్ళబకెట్
ముందు ఇది చెప్పండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తున్నారు?

ఎందుకంటే మేమూ సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాం. దగ్గర్లో కుళాయి లేదు. మూడో అంతస్తు నుంచి బకెట్లు మోసింది ఒక్కణ్ణే, నా పేరు చూస్తే మీకే అర్థమవుతుంది. నెల తిరిగేసరికి నడుం పట్టేసింది, మొక్కలూ పోయాయి. తర్వాత ఎదురింటి పెద్దావిడ తన గేటు పక్క కుళాయికి పైపు తగిలించుకోమన్నారు. ఆ పైపు వచ్చాకే అది తోటయింది. నాటిన చెట్టుకు మొదటి రెండేళ్ళూ మనమే దిక్కు, వేళ్ళు లోతుకు దిగేదాకా. అందుకే 60 వద్దు, 12 పెట్టండి. మొదళ్ళ చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు. కాండానికి మాత్రం ఆనించకండి, కుళ్ళుతుంది.

మట్టిచేతులు
నీళ్ళు మా ఇంటి నుంచే. అవును, బకెట్లే :(

పెరటిపిల్లి
మొక్క అందరిదీ అయితే ఎవరిదీ కాదు. మేం ఒక్కో మొక్కకు ఒక్కో ఇంటి పేరు రాసి పుల్లకు కట్టాం. పెద్దవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు, నిజం చెప్పాలిగా. పట్టుకుంది పిల్లలు. స్కూల్ నుంచి వస్తూ బాటిల్లో మిగిలిన నీళ్ళు తమ మొక్కకు పోసి, ఆ తర్వాతే ఇంట్లోకి అడుగుపెట్టేవాళ్ళు. ఒక పాప అయితే పక్కింటివాళ్ళు ఊరెళ్ళారని వాళ్ళ మొక్కకు సగం, తన మొక్కకు సగం పోస్తోంది. అది చూశాక ఆ ఇంటాయనకు సిగ్గేసి, ఇప్పుడు రోజూ ఆయనే పోస్తున్నాడు.

తెల్లారిఐదు
మొక్కల సంగతి సరే, ఆ నల్ల కవర్ల గురించి చెప్తాను. మేం ఫలానా ఇంటివాళ్ళేనని గట్టిగా నమ్మాం, గ్రూపులో పేరు ఎత్తకుండా సూటిపోటి మాటలు కూడా అన్నాం. తీరా నేను రెండు రోజులు చీకటితోనే లేచి కాపు కాస్తే తేలిందేమిటంటే, వాళ్ళు కానే కాదు. చెత్త బండి వచ్చేలోపే డ్యూటీకి వెళ్ళిపోయే ఇద్దరు ముగ్గురు. ఇంట్లో ఉంచితే వాసన, బయట పెడితే కుక్కలు చింపుతాయి, ఇంకేం చేస్తారు? పక్కింటివాళ్ళు వాళ్ళ డబ్బా కూడా బండికి అందించేలా మాట్లాడాం. బోర్డు పెట్టి, కెమెరా పెట్టి సాధించలేనిది దీంతో అయిపోయింది.

అడ్డగోలు
అసలు శుభ్రంగా ఉన్న చోట జనం చెత్త వేయరు కదా? రంగు వేస్తే చాలదా?

తెల్లారిఐదు
కొంతవరకు నిజమే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పరిశోధకులు ఒక గోడ పక్కన నిలిపిన సైకిళ్ళకు కరపత్రాలు తగిలించి చూశారు, 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. గోడ మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం మంది కాగితం కింద పడేశారు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం. తేడా పెద్దదే. కానీ శుభ్రమైన గోడ దగ్గర కూడా ముగ్గురిలో ఒకరు పడేశారు చూడండి. రంగు ఒక్కటే సరిపోదు.

మ్యాపుమనిషి
ఎస్టోనియాలో 2008 మే 3న దాదాపు 50,000 మంది ఒక్కరోజులో 10,000 టన్నుల చెత్త ఎత్తారు. అందరూ ఆ ఒక్కరోజు గురించే చెప్పుకుంటారు. అంతకుముందు వాలంటీర్లు తిరిగి 10,000కు పైగా చోట్లను ఫొటోలతో సహా మ్యాపులో గుర్తించి పెట్టుకున్న సంగతి ఎవరూ ఎత్తరు. మనమేమో గురువారం మెసేజ్ పెట్టి ఆదివారం చీపురు పడతాం. ఎత్తిన చెత్త ఎవరి బండిలో ఎక్కడికి పోతుందో కూడా ముందు అడగం.

రాసిఇవ్వండి
ఆ స్థలం ఎవరిదో కనుక్కున్నారా? మేం కనుక్కోలేదు. ఏడాది పెంచిన మొక్కల కింద డ్రైనేజీ పైపు ఉందని జేసీబీ వచ్చిన రోజు తెలిసింది. తవ్వినవాళ్ళది తప్పు కాదు, మేం ఎవర్నీ అడగలేదు. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు బవరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్తతో నిండిన ఖాళీ స్థలాన్ని తోట చేశారు. వాళ్ళు మొదట కంచెల మీదుగా విత్తనాల ఉండలు విసిరిన బాపతే! అయినా మరుసటి ఏడాది నెలకు 1 డాలరు నామమాత్రపు అద్దెకు నగరపాలన నుంచి అనుమతి తీసుకున్నారు. ఆ తోట ఇప్పటికీ ఉంది. ఒక కాగితం ముక్క చేతిలో ఉండడం వేరు.

పెరటిపిల్లి
ఇంకోటి, గాజుపెంకులూ సూదులూ ఉంటాయి, చేతికి తొడుగుల్లేకుండా పిల్లల్ని చెత్త దగ్గరికి పంపకండి. వాళ్ళకు మొక్కలు చాలు.

మట్టిచేతులు (మూడు వారాల తర్వాత)
అందరికీ థాంక్సండీ. రెండు రోజులు తెల్లవారుజామున కూర్చున్నా. కవర్లు పెడుతున్నది ఒకే ఒక్కాయన, అపార్ట్‌మెంట్ రాత్రి వాచ్‌మన్. ఆయన గదికి అసలు చెత్త డబ్బానే లేదు. మాలో ఎవరికీ తట్టలేదు. డబ్బా ఇచ్చాం. కుళాయి కూడా ఆయన గది పక్కనే ఉందట, డ్యూటీ దిగేముందు నీళ్ళు తనే పోస్తానన్నాడు. కాకపోతే పైపు ఎనిమిది అడుగులు తక్కువైంది, చివరి మూడు మొక్కలకు ఇంకా బకెట్టే.

నీళ్ళబకెట్
ఆ మూడింటినీ ఇవతలికి మార్చి నాటండి. సాయంత్రం పూట, వేరుమట్టి విడిపోకుండా.