మూతబడ్డ కొట్టు బొమ్మలు: సంక్రాంతి కొలువు నాటికి నడిచేలా చెయ్యడం ఎలా?

కంటోన్మెంట్_కోడలు (విజయనగరం)

రైలుపెట్టెలా రంగులేసి, గుమ్మంలో నీళ్ళతొట్టి పెట్టి పడవ నడిపి చూపించే బొమ్మల కొట్టు మన ఊళ్ళో గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. ఆ కొట్టు మూతబడి చాన్నాళ్ళయింది. అక్కడ కొన్న సామాను ట్రంకుపెట్టెడు మా ఇంట్లో ఉంది. ఈ సంక్రాంతి కొలువులో పై మెట్లు దేవుడి బొమ్మలకి ఉంచి, కింద ఆ కొట్టునే మళ్ళీ పెట్టాలని మా ఇంట్లో అందరి కోరిక.

ఉన్నవి ఇవి. రేకు ఆవిరి పడవ: వెలిగిస్తే చప్పుడూ లేదు, కదలికా లేదు. కీ ఇచ్చే రైలింజను, గుండ్రంగా అమరే పట్టాలు: కీ తిప్పుతుంటే ప్రతి చుట్టుకీ టక్కుమని జారిపోతోంది. లక్కపిడతలు: మీద తెల్లటి పొర, ఒక గిన్నె అంచు పెచ్చు లేచింది. కొండపల్లి అంబారీ ఏనుగు: చెవి ఊడింది, కింద సన్నటి పొడి రాలుతోంది. తాళాలు కొట్టే బ్యాటరీ కోతి: సెల్స్ కారి లోపలంతా తుప్పు.

కొత్త రంగులు వేయించే ఉద్దేశం లేదు. పాతవి పాతవిగానే ఉండి, నడవాల్సినవి నడిస్తే చాలు. దేనికి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పండి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

రంగులు వెయ్యకూడదని ముందే అనుకున్నారు, చాలా మంచి పని. పాత రేకు బొమ్మ మీద అచ్చురంగు పోతే మళ్ళీ రాదు.

పడవ సంగతి నేను చెప్తాను. లోపల ఉన్నది ఒక చిన్న రేకు డబ్బీ, దాన్నుంచి వెనక్కి రెండు సన్నటి గొట్టాలు, అంతే. డబ్బీలో నీళ్ళు ఆవిరై, గొట్టాల్లో ఉన్న నీళ్ళని వెనక్కి తోస్తాయి. ఆ ఆవిరి గొట్టంలోకి దిగేసరికి చల్లబడి నీరైపోతుంది. అక్కడ ఖాళీ పడుతుంది కాబట్టి బయటి నీళ్ళు మళ్ళీ లోపలికొస్తాయి. పోయేటప్పుడు ఒకే దిక్కుకి చిమ్ముకుంటూ పోతాయి, వచ్చేటప్పుడు గొట్టం మూతి చుట్టూ అన్నివైపుల నుంచీ వస్తాయి. అందుకే పడవ ముందుకూ వెనక్కూ ఊగకుండా ముందుకే పోతుంది. డబ్బీ మీదున్న పల్చటి రేకు ఆ ఒత్తిడికి లోపలికీ బయటికీ కొట్టుకోవడమే ఆ టపటప. 1891లో థామస్ పియట్ బ్రిటన్‌లో ఈ రకం పడవకి పేటెంటు తీసుకున్నాడు. పైడితల్లమ్మ జాతరలో అమ్మే పడవలోనైనా సూత్రం అదే.

కదలకపోతే ముందు అనుమానించాల్సింది గాలిని. డబ్బీలో గాలి మిగిలితే అది వేడికి ఒకసారి వ్యాకోచించి ఊరుకుంటుంది, ఆవిరిలా మళ్ళీ నీరవదు. కాబట్టి నింపడం సరిగ్గా చెయ్యాలి. సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజితో ఒక గొట్టంలోకి నిదానంగా నీళ్ళు ఎక్కించండి. పడవ ముక్కు కిందకీ గొట్టాల మూతులు పైకీ ఉండేలా పట్టుకోవాలి. రెండో గొట్టంలోంచి బుడగలు ఆగి నీళ్ళు ధారగా వచ్చేదాకా ఎక్కించి, రెండు మూతులూ వేలితో మూసి, పడవని నీళ్ళలో పెట్టాకే వేలు తియ్యండి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు.

సరిగ్గా నింపినా కదలకపోతే డబ్బీ కారుతోందేమో చూడాలి. పడవని నీళ్ళలో ముంచి, ఒక గొట్టం మూసి, రెండోదాన్లోకి సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో మెల్లగా ఊదండి. బుడగ ఎక్కడ వస్తే అక్కడే చిల్లు. గట్టిగా ఊదితే పల్చటి రేకు ఉబ్బి, దాని సాగుడు పోతుంది. చిల్లు దగ్గర ఆరనిచ్చి, లోహం మెరిసేదాకా గీకి, రోజిన్ ఫ్లక్స్ (టంకం పట్టేలా రాసే జిగురు) రాసి, సోల్డరింగ్ ఐరన్‌తో నాలుగైదు సెకన్లలో టంకం పెట్టి తీసెయ్యాలి. పక్క అతుకుల మీద తడిగుడ్డ కప్పకపోతే ఒకటి అతికేలోగా రెండోది ఊడుతుంది. ఎంసీల్ లాంటి అతికే ముద్దలు పడవ అడుగున గొట్టం బయటికొచ్చే చోట బాగానే పనిచేస్తాయి. మంట తగిలే డబ్బీకి మాత్రం వద్దు, వేడికి మెత్తబడి వదిలేస్తాయి.

ఇంకో జాగ్రత్త, అన్నిటికన్నా ముఖ్యం. నీళ్ళు లేకుండా వెలిగించకండి. టంకం 180-190 డిగ్రీల మధ్యలో కరుగుతుంది. లోపల నీళ్ళున్నంతసేపూ డబ్బీ దాదాపు వంద డిగ్రీల దగ్గరే ఉంటుంది, అతుక్కి ఏమీ కాదు. ఖాళీ డబ్బీ కింద మంట పెడితే అతుకులు జారిపోతాయి.

మంటకి పుట్టినరోజు కేకు మీద పెట్టే సన్న కొవ్వొత్తి ముక్క చాలు, ముప్పాతిక అంగుళం. నూనె వత్తయితే మసి ఎక్కువ. డబ్బీ అడుగున మసి పేరుకుంటే వేడి ఎక్కదు కాబట్టి ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి. పడవ నడుస్తోంది గానీ చప్పుడు రావట్లేదంటే పైరేకు సొట్టపడినట్టు. దాన్ని వేలితో నొక్కి సరిచెయ్యబోకండి, చినుగుతుంది. అలా ఒగ్గేయండి, చప్పుడు లేకపోయినా నడక తగ్గదు.

మొగలిరేకు

లక్కపిడతల మీద తెల్లపొర మురికి కాదు, లక్కలోకి దిగిన తేమ. మన సముద్రపు గాలికి పెట్టెలో పెట్టినవాటికి ఇది మామూలే. గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు వదిలెయ్యండి. ఎండలో వద్దు. లక్క 70 డిగ్రీల అటూ ఇటుగా మెత్తబడుతుంది, మూసిన కారులోనో రేకుల షెడ్డు కిందనో పెడితే ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఆరాక పాత నూలుగుడ్డతో ఒకే చోట గబగబా రుద్దండి, వేలికి వెచ్చగా తగిలేదాకా. ఆ రాపిడి వేడికే పై పొర కాస్త సర్దుకుని మెరుపు తిరిగొస్తుంది. ఏటికొప్పాకలో పనివాళ్ళు చేసేదీ అదే. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడికి కరిగి పట్టుకుంటుంది, దాన్ని మొగలి ఆకుతో నున్న చేస్తారు. మొగలి ఆకు దొరికితే ముళ్ళున్న అంచులు కోసేసి వాడండి, గుడ్డకన్నా మేలు.

స్పిరిట్టూ, శానిటైజరూ, సెంటూ వీటి దగ్గరికి రానివ్వకండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక్క తుడుపుకే రంగు గుడ్డకి వచ్చేస్తుంది. సబ్బు నీళ్ళూ వద్దు. పిండేసిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి వెంటనే పొడిగుడ్డ వేస్తే చాలు.

పెచ్చు లేచిన అంచుకి అదే రంగు లక్క చిన్న ముక్క కావాలి. అక్కడ ముక్క పెట్టి, వేడిచేసిన స్టీలు చెంచా వెనకవైపుతో అద్ది పరవండి. మంట సూటిగా చూపిస్తే లక్క బుడగలొస్తుంది, కర్ర మాడుతుంది. రంగు అచ్చంగా కలవకపోతే అలాగే ఉంచండి, ఆ మాత్రం తేడా కొలువులో ఎవరికీ కనబడదు. సెట్టులో పోయిన గిన్నెలకి బదులు కావాలంటే ఏటికొప్పాక ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, వరాహ నది ఒడ్డున. 2017లో ఆ బొమ్మలకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అంటే అవి ఆ ఊరి సొంత సరుకని. లేపాక్షి షోరూముల్లోనూ ఆ బొమ్మలు దొరుకుతాయి.

ఏనుగు కింద పొడి అంటే పుచ్చు పురుగు పని. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చాలా తేలిక కర్ర, పురుగుకి సులువు. దాన్ని నల్ల కాగితం మీద పెట్టి రెండ్రోజులు కదపకండి. కొత్తగా పొడి పడితే పురుగు బతికున్నట్టు, పడకపోతే పాత పొడి. బతికుంటే పాలిథిన్ సంచిలో గాలి తీసి మూతి బిగించి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట ఉంచాలి. వెంటనే విప్పితే రంగు మీద నీళ్ళు పట్టి పొక్కులొస్తాయి. లక్కపిడతల్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు. చలికి కర్రా లక్కా ఒకేలా కుంచించుకోవు కాబట్టి పూత బీటలు వారొచ్చు.

ఊడిన చెవికి కొండపల్లి పనివాళ్ళు అతకడానికి వాడే మక్కే మంచిది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, ఉడికించి జిగురు చేసి, జల్లించిన రంపపు పొట్టు కలపాలి. అంత ఓపిక లేకపోతే ఫెవికాల్‌లో అదే పొట్టు కలిపినా నిలబడుతుంది. పాత జిగురు గీకెయ్యకుండా పెడితే మాత్రం ఏదీ పట్టదు. దారంతో కట్టి రెండు రోజులు నీడన వదలండి. ఈ ఏనుగు మీద తడిగుడ్డ అసలు వద్దు, పొడి కుంచె ఒక్కటే.

స్ప్రింగు_మేస్త్రీ (బొబ్బిలి)

రైలింజను గురించి. ప్రతి చుట్టుకీ టక్కుమని జారితే స్ప్రింగు విరిగినట్టు కాదండీ. స్ప్రింగు లోపలి కొసకి ఉన్న బెజ్జం, ఇరుసు మీది కొక్కేన్ని పట్టుకోవట్లేదు. అదే బిగించాక కీ చేతిలోనే గిర్రున వెనక్కి తిరిగితే పళ్ళచక్రాన్ని ఆపే నాలుక అరిగినట్టు. మీది మొదటి రకం, బాగవుతుంది.

విప్పేముందు స్ప్రింగులో బిగువు లేదని చూసుకోండి. తర్వాత కింద మడిచిన రేకు చెవులు. ఇవి ఎన్నిసార్లు మడిస్తే అంత తొందరగా తెగుతాయి. కాబట్టి పూర్తిగా నిటారుగా లేపకుండా, గాడిలోంచి జారేంత మాత్రమే వంచండి. పై డబ్బా తీశాక, స్ప్రింగు బయటికి దూకకుండా చుట్టూ ఇనుప తీగతో ముందే కట్టెయ్యాలి. పాత స్ప్రింగు వదులైతే అంచులు చెయ్యి కోసేస్తాయి, తోలు చేతితొడుగు ఉండాలి.

లోపలి చుట్టుని గుండ్రటి ముక్కున్న ప్లయర్‌తో ఇరుసుకి హత్తుకునేలా కాస్త లోపలికి వంచితే కొక్కెం మళ్ళీ దొరుకుతుంది. బెజ్జం చిరిగిపోతే కొస అంగుళం మేర ఎర్రగా కాల్చి, గాలికే చల్లారనిచ్చి, అప్పుడు కొత్త బెజ్జం వెయ్యాలి. కాల్చకుండా కొడితే పుటుక్కున విరుగుతుంది, అంగుళం దాటి కాల్చితే బిగువు పోతుంది. చేతకాదనిపిస్తే గోడగడియారాలు బాగుచేసేవాళ్ళకివ్వండి, వాళ్ళ రోజువారీ పని ఇది.

ఇరుసు చివర్లకి కుట్టుమిషను నూనె, గుండుసూది మొనతో ఒక్కో చుక్క. చక్రాల పళ్ళకి వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. కొబ్బరినూనె అస్సలొద్దు. 24 డిగ్రీల దిగువకి వస్తే గడ్డకడుతుంది, భోగి పొద్దున్న మీ రైలు కదలదు.

కోతి సంగతి: ముందు ఏ సెల్సో చూడండి. మామూలు జింక్-కార్బన్ సెల్ కారితే ఆమ్లం, దానికి పావు గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి చెవి పుల్లతో తుడవాలి. సెల్ మీద ఆల్కలైన్ అని ఉంటే కారింది క్షారం, దానికి నిమ్మరసమో వెనిగరో. తిరగేసి వాడితే పని జరగదు. తర్వాత మంచినీళ్ళ తడితో తుడిచి, ఆరాక రేకుల్ని సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. అయినా కదలకపోతే తీగ తొడుగు కొంచెం వలిచి చూడండి. లోపల రాగి పచ్చగా మారితే, ఎర్రటి రాగి కనబడేదాకా కత్తిరించి మళ్ళీ టంకం పెట్టాలి.

పూల్‌బాగ్_కుర్రాడు

రైలింజనుకి ఆ తుప్పు వదిలించే స్ప్రే ఒకటి కొడితే విప్పకుండానే అయిపోతుంది కదా?

స్ప్రింగు_మేస్త్రీ

అవదు బాబూ. కొక్కెం వదిలేసిన స్ప్రింగుకి స్ప్రే ఏం చేస్తుంది? పైగా అందులో ఎక్కువ భాగం ద్రావకమే. ఉన్న పాత గ్రీజుని కడిగేసి ఆరిపోతుంది. తుంపర్లు అచ్చురంగు మీద పడితే రంగు మెత్తబడే ప్రమాదం కూడా ఉంది.

కంటోన్మెంట్_కోడలు

అందరికీ ధన్యవాదాలు. ఏనుగు కింద నల్ల కాగితం పెట్టాను. ఇంకో రెండు విషయాలు. పడవకి తొట్టి ఎంతుండాలి, కొలువు పక్కన మంట పెట్టొచ్చా? పిల్లలు ముట్టుకోకుండా ఆపలేం, పర్వాలేదా?

నాగావళి_ఒడ్డు

రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల లోతు నీళ్ళు ఉండాలి. చిన్న గిన్నెలో నీళ్ళు తొందరగా వేడెక్కి, ఆవిరి చల్లబడక పడవ నీరసిస్తుంది. అప్పుడప్పుడు నీళ్ళు మార్చండి. చుక్కాని రేకు కొంచెం పక్కకి వంచితే గోడకి కొట్టుకోకుండా గుండ్రంగా తిరుగుతుంది.

తొట్టి నేల మీదే, మెట్ల గుడ్డకి మూడడుగుల దూరంలో, పెద్దవాళ్ళు పక్కనుంటేనే వెలిగించండి. మీ పెట్టెలో కర్పూరం వాసన వేసే పల్చటి పాత బొమ్మలుంటే అవి సెల్యులాయిడ్, నిప్పురవ్వకే భగ్గుమంటాయి. వాటిని దీపాలున్న మెట్టు మీద పెట్టనే వద్దు.

రైలు పట్టాలు గుడ్డ మీద పరవకండి, మడతకి చక్రం ఎక్కి పడిపోతుంది. చదునైన ప్లైవుడ్ ముక్క మీద, చుట్టుకి బయట నాలుగేసి అంగుళాలు వదిలి పరవండి. అతుకు వదులైతే పట్టా చివర ప్లయర్‌తో కొద్దిగా నొక్కితే పుల్ల బిగుస్తుంది.

పిల్లల సంగతి: పాత రేకు రంగుల్లోనూ టంకంలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అందకూడదు, ముట్టుకున్నాక చేతులు కడిగించాలి. ఆడుకోడానికి వేరే కొనిపెట్టండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసి కొనండి. నమోదైన చేతిపనివాళ్ళు చేసినవాటికీ, జీఐ ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఉంది కాబట్టి లక్కబొమ్మ మీద గుర్తు లేదని కంగారుపడక్కర్లేదు.

మొగలిరేకు

లోపల పెట్టేటప్పుడు ఒక మాట. పడవలో నీళ్ళు పూర్తిగా ఊది వదిలించి, రెండ్రోజులు గొట్టాల మూతులు కిందకి ఉండేలా ఆరబెట్టండి, లేకపోతే వచ్చే ఏడాదికి డబ్బీ లోపలనుంచి తుప్పు. కోతిలో సెల్స్ తీసెయ్యండి. దేనికది విడిగా ఉతికిన నూలుగుడ్డలో చుట్టాలి. పాలిథిన్‌లో ఆ తేమే మళ్ళీ లక్క మీదకొస్తుంది. కలరా ఉండలు ఈ పెట్టెలో వెయ్యకండి, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్కులు మెత్తబడి జిగటగా అవుతాయి. వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి, ఏనుగుని మళ్ళీ నల్ల కాగితం మీద పెట్టి చూడండి.