బస్సెక్కితే గుండె దడ, ఈసీజీ మాత్రం నార్మల్: ఇది పానిక్ డిజార్డరేనా?

ప్రశ్న (రాజాం ప్రయాణికురాలు):
నేను రాజాం నుంచి విజయనగరానికి రోజూ బస్సులో వెళ్లి వచ్చే ఉద్యోగినిని, వయసు 32. నాలుగు నెలల క్రితం చీపురుపల్లి దాటాక, ఏ కారణమూ లేకుండా గుండె దడదడ కొట్టుకోవడం మొదలై, ముచ్చెమటలు పోసి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరి అందక, ఇక ప్రాణం పోతుందనే అనుకున్నాను. కిటికీ ఊచను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే దిగేసరికి అరచేతిలో తుప్పు మరక మిగిలింది. ఆసుపత్రికి చేరేలోపే అంతా సర్దుకుంది. ఈసీజీ బాగానే ఉందని, గ్యాస్ అయి ఉంటుందని మాత్రలిచ్చి పంపారు. ఆ తర్వాత మరో ఐదుసార్లు వచ్చింది, అందులో ఒకసారి నిద్రలోనే. ఇప్పుడు తలుపు పక్క సీటు దొరికితేనే బస్సెక్కుతున్నాను, దొరక్కపోతే సెలవు పెడుతున్నాను. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇది పానిక్ డిజార్డరేనా, లేక గుండె జబ్బును పట్టించుకోకుండా వదిలేస్తున్నానా?

జవాబు (మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను):
అమ్మా, మీరు రాసినదాంట్లో దడకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తలుపు పక్క సీటు. పానిక్ అటాక్, అంటే ఇలా హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, ఒకటి రెండుసార్లు చాలామందికి వస్తుంది, అంతమాత్రాన అది జబ్బు కాదు. అనుకోకుండా మళ్లీ మళ్లీ వచ్చి, ఆ తర్వాత కనీసం నెలపాటు మళ్లీ వస్తుందేమోనన్న బెంగ గానీ, దాన్ని తప్పించుకోవడానికి మీ తలుపు పక్క సీటులా అలవాట్లు మార్చుకోవడం గానీ ఉంటేనే పానిక్ డిజార్డర్ అంటాం. అటాక్ చాలావరకు 10 నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత మెల్లగా దిగిపోతుంది కనుక ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. వేళ్ల తిమ్మిరికి కారణం వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడమే.

అయినా థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. మెట్లెక్కినప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, దడతోపాటు స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా ముందు గుండె వైద్యుణ్ణి కలవాలి. ఇవేవీ కాకపోతే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు గానీ, సీబీటీ అనే మాటల చికిత్స గానీ, రెండూ కలిపి గానీ ఇస్తారు. మందు మొదలుపెట్టిన తొలి వారం పది రోజులు దడ కాస్త పెరగవచ్చు. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతాం, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

జవాబు (ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం):
నాది రెండేళ్ల కథ. ఎవరో ఇచ్చిన ఆల్‌ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర అర ముక్కను చొక్కా జేబులో పెట్టుకోనిదే దుకాణం తెరిచేవాణ్ణి కాదు. మింగకపోయినా సరే, జేబులో ఉండాలి. చివరికి అర ముక్క ఒకటిన్నర మాత్ర అయింది. దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని డాక్టరు గారు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. ఆ తర్వాత సైకాలజిస్టు నాచేత మెట్లు పరుగున ఎక్కించి, ముక్కు మూయించి కొబ్బరిబోండాం గొట్టంతో ఊపిరి తీయించారు. గుండె అలా కొట్టుకున్నా ఏమీ కాదని ఒంటికి తెలియాలట! మొదట ఈయనకేమైనా పిచ్చా అనుకున్నాను. ఐదోసారికి నవ్వొచ్చింది. మీరు కూడా వైద్యుల సలహాతో, ముందు దగ్గరి ఊరిదాకా, తలుపుకు దూరంగా ఉన్న సీట్లో కూర్చుని వెళ్లి చూడండి.

జవాబు (మరొకరు):
తాయెత్తు గురించి అత్తగారితో తగువు పెట్టుకోకండి, డాక్టరు దగ్గరికి ఆవిడనే వెంట తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. రేపు పరీక్షలకు రక్తం ఇస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది: మేము పిల్లల కోసం చూస్తున్నాం, ఈ మందులు వాడవచ్చా?

జవాబు (మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను):
ఈ మాట మొదటి రోజే డాక్టరుకు చెప్పండమ్మా. అటువంటప్పుడు సీబీటీని ముందు పెట్టవచ్చు. మందు తప్పనిసరైతే ఏది, ఎంత, ఎప్పటివరకు అన్నది మానసిక వైద్యులు, గైనకాలజిస్టు కలిసి నిర్ణయిస్తారు. ఈలోగా గర్భం నిలిస్తే భయపడి మాత్రలు మీకు మీరే ఆపేయవద్దు, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.