నైట్రేట్ సున్నా వచ్చింది, మరి సెప్టిక్ నీరు కలవనట్టేనా?

ప్రశ్న:
భూగర్భ డ్రైనేజీ లేని పేటల మధ్య పారే చిన్న వాగు ఇది. వంటింటి, స్నానాల, బట్టలుతికిన నీరు నేరుగా దాంట్లోకే వస్తుంది. సెప్టిక్ ట్యాంకుల పొంగు కూడా కలుస్తోందేమోనని అనుమానం. మధ్యాహ్నం ఒక సీసా పట్టి ల్యాబ్‌కిచ్చాం. లీటరుకు బీఓడీ (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 22 మి.గ్రా., అమ్మోనియా నైట్రోజన్ 9, నైట్రేట్ దాదాపు సున్నా. నైట్రేట్ లేదంటే సెప్టిక్ నీరు రావట్లేదనుకోవచ్చా?

జవాబు 1:
అనుకోకూడదండీ. ట్యాంకులో ఆక్సిజన్ ఉండదు, అందుకే నత్రజని ఎక్కువగా అమ్మోనియాగానే బయటికొస్తుంది. అది నైట్రేట్‌గా మారాలంటే ఒక్కో మి.గ్రా. అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 4.6 మి.గ్రా. ఆక్సిజన్ కావాలి. మీ 9కి 41 పడుతుంది. 25 డిగ్రీల నీళ్లలో కరిగే ఆక్సిజన్ లీటరుకు 8 మి.గ్రా. పైచిలుకే. ఇక నైట్రేట్ ఎక్కడినుంచి వస్తుంది? ఇంటి మురుగులో నత్రజని చాలావరకు మూత్రానిదే, కాబట్టి ఎగువన పశువుల కొట్టాలు లేకపోతే ముందు మరుగుదొడ్ల వైపే చూడండి.

జవాబు 2:
అసలు ఒక్క మధ్యాహ్నపు సీసాను నమ్మడమే తప్పు. వాడకం నీరు పొద్దున, సాయంత్రం ఒక్కసారిగా వస్తుంది. 24 గంటలపాటు రెండు గంటలకోసారి పట్టండి, ప్రతిసారీ ప్రవాహమూ కొలవండి. వాగు తిన్నగా ఉన్నచోట తేలే వస్తువు వేగాన్ని 0.85తో, తర్వాత నీటి అడ్డుకోత వైశాల్యంతో (వెడల్పు × సగటు లోతు) గుణిస్తే చాలు, ప్రవాహం వస్తుంది. రోజుకు ఎంత కాలుష్యం వస్తోందో ఇలా లెక్కేయండి: లీటరుకు మి.గ్రా. × సెకనుకు లీటర్లు × 86.4 = రోజుకు గ్రాములు.

అమ్మోనియా సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 లోపుకి దించాలి. బీఓడీకి వేరే సీసా పెట్టండి, దాంట్లో ఆమ్లం వేస్తే సూక్ష్మజీవులు చచ్చి పరీక్ష పాడవుతుంది. ఐసులో, చీకట్లో ఉంచి అదే రోజు అందించండి. బీఓడీ పరీక్షలో నైట్రిఫికేషన్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారడం) ఆపే మందు వేశారా అని ల్యాబ్‌ను అడగండి. వేయకపోతే అమ్మోనియా తాగిన ఆక్సిజన్ కూడా బీఓడీలో కలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఏ గొట్టం నుంచి ఏది వస్తోందో చవకగా తెలిసే దారి ఉందా?

జవాబు 3:
డిటర్జెంట్‌లోని బ్రైటెనర్‌ను, అంటే బట్టలకు మెరుపునిచ్చే మందును పట్టుకోండి. మెరుపు మందు తగలని దూదిని వలసంచిలో పెట్టి, ప్రతి గొట్టానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి నాలుగైదు రోజులు నీడలో ముంచి ఉంచండి. కడిగి ఆరబెట్టి, 365 నానోమీటర్ల యూవీ లైటు కింద చూస్తే, బ్రైటెనర్ అంటిన దూది నీలంగా మెరుస్తుంది. కొన్ని రకాల దూది ముందే మెరుస్తుంది. నీళ్లలో ముంచని ముక్కను పక్కన పెట్టుకోకపోతే మోసపోతారు. ఇది ఉతికిన నీటినే చూపిస్తుంది. అదే చోట అమ్మోనియా, ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) కూడా బాగా పెరిగితేనే మరుగుదొడ్డి నీరని అనుమానించండి.