దేవుణ్ణి నమ్మనివాళ్లు క్రిస్మస్ ఎందుకు చేసుకుంటారు? జపాన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను టోక్యో వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ క్రైస్తవులు నూటికి ఒకరు, అంతే. డిసెంబరు 25న సెలవు కూడా లేదు, ఆఫీసుకి పోవాల్సిందే. అయినా నవంబరు నుంచే వీధుల నిండా లైట్లు. 24 సాయంత్రం కేఎఫ్‌సీ చికెన్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలట. 1974లో ఆ కంపెనీ చేసిన ప్రచారంతో పాకిన అలవాటు ఇది. తర్వాత తెల్లటి క్రీమ్ మీద ఎర్రటి స్ట్రాబెర్రీలు పేర్చిన కేకు.

మా గుంటూరులో క్రిస్మస్ అంటే ఇంటి ముందు నక్షత్రం, అర్ధరాత్రి ఆరాధన. చర్చి లేని క్రిస్మస్ నాకు ఊహకే అందదు.

మా టీమ్‌లో ఒకాయన ఈసారి ఇంటికి పిలిచారు. "మీరు క్రైస్తవులా?" అని అడిగితే నవ్వేసి, "మాకు మతం ఏమీ లేదు, పిల్లల సరదా" అన్నారు. జనవరి 1న మాత్రం గుడికి వెళ్తారట! నాకు అక్కడే బుర్ర తిరిగింది.

నిజంగా సరదా ఒక్కటేనా, వ్యాపారమా, ఇంకేమైనా ఉందా? ఇక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లు మీరు చూసింది చెప్పండి. అలాగే ఆయనింటికి ఏం పట్టుకెళ్లాలి? కేకు వాళ్లే తెస్తారు కదా, అదీ నా టెన్షన్.