నేత్రాణి దీవి దగ్గర స్కూబా డైవింగ్: దసరా సెలవుల్లో వెళ్లాలా, సంక్రాంతి దాకా ఆగాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్‌లో ఉంటాము. కర్ణాటకలోని మురుడేశ్వర్‌కు ఎదురుగా, అరేబియా సముద్రంలో ఉన్న నేత్రాణి దీవి దగ్గర స్కూబా డైవింగ్ చేయాలని నాకూ, పద్నాలుగేళ్ల మా అమ్మాయికీ చాలాకాలంగా కోరిక. దసరా సెలవులు ఎక్కువ రోజులు ఉంటాయి కనుక అప్పుడే వెళ్లివద్దామని అనుకుంటున్నాము. అయితే వానాకాలం వెళ్లిన వెంటనే నీళ్లు మసకగా ఉంటాయని ఒకరు, అప్పుడైతే రద్దీ ఉండదు కనుక అదే మేలని మరొకరు చెబుతున్నారు. అమ్మాయికి ఈత వచ్చు, నాకు రాదు. జలుబు చేస్తే తనకు చెవులు దిబ్బడ వేస్తాయి. ఏ నెల మంచిదో, ముందుగా ఏమేమి చూసుకోవాలో అక్కడి సముద్రం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

నేత్రాణికి డైవింగ్ పడవలు సాధారణంగా అక్టోబరు నుంచి మే వరకు నడుస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలల ఉధృతి వల్ల ఆగిపోతాయి. పడవలు నడుస్తున్నాయంటే నీరు తేటపడిందని అర్థం కాదు, మీకు వచ్చిన రెండు రకాల సలహాలకు మూలం ఇక్కడే ఉంది.

రుతుపవనాల గాలులు పశ్చిమ తీరం వెంట నెలల తరబడి వీచి పైనున్న నీటిని తీరానికి దూరంగా తోసివేయడంతో, ఆ ఖాళీని నింపడానికి లోతుల్లోని చల్లని నీరు పోషకాలను వెంటబెట్టుకుని పైకి వస్తుంది. ఆ పోషకాలతో సూక్ష్మజీవులైన ప్లవకాలు విపరీతంగా పెరిగి నీటికి పచ్చదనాన్ని ఇస్తాయి. దీనికి తోడు, మురుడేశ్వర్‌కు ఉత్తరాన హొన్నావర దగ్గర శరావతి నది సముద్రంలో కలుస్తుంది. వానాకాలమంతా అది మోసుకొచ్చిన మట్టి తీరపు నీటిలో ఇంకా తేలుతూ ఉంటుంది. వానలు ఆగిన రోజే ఇవన్నీ సర్దుకోవు. తెలంగాణలో దసరా సెలవులు కొన్నేళ్లు సెప్టెంబరు చివర్లోనే మొదలవుతాయి కనుక, మీరు వెళ్లేసరికి పడవలే మొదలుకాకపోయే అవకాశమూ ఉంది.

నవంబరు నుంచి నీరు క్రమంగా తేటపడుతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచి రోజున పదిహేను మీటర్ల దూరం దాకా స్పష్టంగా కనిపిస్తుంది. రాళ్ల సందుల్లోంచి తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉండే మోరే ఈల్, రెక్కలు విప్పి కదలకుండా నిలిచే లయన్‌ఫిష్, గుంపులుగా తిరిగే బారకూడాలు, ఇసుకలో ఒదిగి కళ్లు మాత్రమే బయట ఉంచే స్టింగ్‌రే చేపలు అప్పుడు నిదానంగా చూడటానికి దొరుకుతాయి. ప్లవకాలు ఉన్నచోటికి చేపలు ఎక్కువగా వస్తాయి కనుక అక్టోబరు నీటిని ఇష్టపడే అనుభవజ్ఞులూ లేకపోలేదు. అయితే మొదటిసారి దిగేవారికి శిక్షకుడి చేతి సైగలు స్పష్టంగా కనిపించడమే కొండంత ధైర్యం. అందుకే మీ ఇద్దరికీ సంక్రాంతి సెలవులనే నేను గట్టిగా సూచిస్తాను.

ఏప్రిల్, మే నెలల్లో నీరు వెచ్చగా ఉన్నా, మే గడిచేకొద్దీ అలలు పెరుగుతాయి, తుఫానుల భయమూ ఉంటుంది. 2021 మే నెలలో తౌక్టే తుఫాను ఈ తీరాన్ని ఆనుకునే ఉత్తరానికి సాగింది.

ఏ నెలలో వెళ్లినా ఉదయపు తొలి పడవనే ఎంచుకోండి. దీవి తీరానికి సుమారు 19 కిలోమీటర్ల దూరంలో ఉంది, పడవలో గంటకు పైగా పడుతుంది. శీతాకాలంలో రాత్రంతా గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక తెల్లవారుజామున నీరు నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎదురు తిరిగి అలలు లేస్తాయి. పడవ కుదుపు పడనివారు ఈ తేడాను బాగా గమనిస్తారు.

సమాధానం 2

నేను చెవి, ముక్కు, గొంతు వైద్యంలో ఉన్నాను, డైవింగ్ కూడా చేస్తాను. అమ్మాయి చెవుల సంగతిని నెల ఎంపిక కంటే ముందు చూడండి.

నీటిలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అంటే పైన ఉన్న పీడనం పది మీటర్ల లోతుకు రెట్టింపవుతుంది. నిష్పత్తిలో చూస్తే అత్యంత వేగంగా మారేది తొలి కొద్ది మీటర్లలోనే కనుక, చెవి నొప్పి చాలామందికి అక్కడే మొదలవుతుంది. గొంతు వెనుక నుంచి మధ్యచెవికి వెళ్లే సన్నని నాళం తెరుచుకుంటేనే రెండు వైపులా పీడనం సమానమవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలిని నెట్టడం దానికోసమే. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, దిగుతున్నంతసేపూ చేస్తూ ఉండాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి తప్ప బలంగా ఊదకూడదు. అలా చేస్తే కర్ణభేరికే కాదు, లోపలి చెవికి కూడా దెబ్బ తగలవచ్చు.

జలుబుతో ఉన్నప్పుడు దిబ్బడ తగ్గించే మాత్ర వేసుకుని దిగడం ప్రమాదకరం. మందు ప్రభావం నీటి అడుగున తగ్గిపోతే, చెవిలో చిక్కుకున్న గాలి పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించి బయటికి దారి లేక తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది. ప్రయాణానికి ముందు అమ్మాయికి చెవి పరీక్ష చేయించండి. ఆ రోజు జలుబు ఉంటే డైవ్ మానుకోండి. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స వంటివి ఉంటే ఆరోగ్య ప్రశ్నావళిలో దాచకుండా రాసి వైద్యుని అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. సంక్రాంతికే వెళతాము. ఈత రాని నేను దిగవచ్చా? ఉదయం డైవ్ ముగించుకుని అదే రాత్రి గోవా నుంచి విమానం ఎక్కవచ్చా?

సమాధానం 3

శిక్షకుడి వెంట చేసే పరిచయ డైవ్‌కు ఈత తప్పనిసరి కాదు. పదేళ్లు నిండినవారు చేయవచ్చు, లోతు 12 మీటర్లకు మించదు. అయినా ఈ రెండు మూడు నెలల్లో హైదరాబాద్‌లోనే ఏదైనా ఈత కొలనులో ముఖం నీటిలో పెట్టి నోటితో నెమ్మదిగా ఊపిరి పీల్చడం, మాస్కులోకి వచ్చిన నీటిని ముక్కుతో ఊది తోసేయడం అలవాటు చేసుకోండి. భయపడినవారు ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకుతారు, స్కూబాలో చేయకూడని మొదటి పని అదే. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది కనుక ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.

ఇక విమానం అదే రాత్రి వద్దు. నీటి అడుగున పీడనంలో శరీరంలో కరిగిన నైట్రోజన్, గాలి పీడనం తగ్గే ఎత్తుకు వెళ్లేలోపు నెమ్మదిగా బయటపడాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్లు పాటించే నియమం. ఈ నియమం సుమారు 600 మీటర్లకు మించిన ఎత్తు గురించి కనుక, డైవ్ అవగానే కారులో కనుమలు ఎక్కి హుబ్బళ్లి వైపు వెళ్లేవారికి కూడా వర్తిస్తుంది. ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే ఉండి, మర్నాడు మధ్యాహ్నం తర్వాత విమానం పెట్టుకోండి.

పగడాలను తాకవద్దని అమ్మాయికి ముందే చెప్పండి. అవి జీవులు, కాలికి తొడిగే ఫిన్ (ఈత రెక్క) దెబ్బ ఒక్కదానికి విరిగిన కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. సముద్రం బాగా లేదని పడవ నడిపేవారు ఆ ఉదయం ఆపేస్తే వారితో వాదించకండి. వీలైతే మురుడేశ్వర్‌లో ఒక రోజు అదనంగా ఉంచుకుని టికెట్లు తీసుకోండి.