'రన్‌అవే ప్రాసెస్'ని తెలుగులో ఏమందాం?

బెజవాడలో మా ఆఫీసు గిట్ సర్వర్ (ప్రోగ్రాముల కోడ్ దాచే మెషీన్) చూసుకునే కుర్రాళ్ల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రాము. సీపీయూ అంతా మింగేస్తూ ఎంతకీ ఆగని ప్రాసెస్‌ని రన్‌అవే అంటాం కదా. 'పారిపోయిన ప్రక్రియ' అని రాస్తే అందరూ నవ్వారు. అది పారిపోతే బాధే లేదు, పోకుండా కూర్చోవడమేగా మన ఏడుపు! 'అదుపు తప్పిన' అంటే చప్పగా ఉంది. 'అచ్చోసిన ఆంబోతు' అందామంటే మరీ తిట్టులా ఉంటుందా?

తెనాలి మాస్టారు: తిట్టు తర్వాత వచ్చింది బాబూ. ఆవు, పోతు కలిసి ఆబోతు, వాడుకలో ఆంబోతు. మనిషి పోయిన పదకొండో రోజున కోడెకి ముద్ర వేసి దేవుడి పేర వదిలేసేవాళ్లు, అదే వృషోత్సర్జనం. ఆ ముద్రే అచ్చు. ఇక అది ఎవరి చేలో పడి మేసినా కొట్టరు. పలుపు తెంచుకొచ్చిన గొడ్డు సంగతి వేరు. దాన్ని బందెలదొడ్డికి తోలి, సొంతదారు చేత జరిమానా కట్టించేవాళ్లు. దానికి 1871 నాటి చట్టం కూడా ఉంది. మీది పలుపు తెంచుకుందా, మీరే అచ్చేసి వదిలారా? ముందు అది చెప్పండి.

అడిగినాయన: మేమే వదిలాం మాస్టారూ. కోడ్ నుంచి ప్రోగ్రాము తయారుచేసే మా బిల్డ్ మెషీన్ ప్రతి బిల్డుకీ రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉన్న నిల్వ) మొత్తం కొత్తగా క్లోన్, అంటే నకలు, చేస్తోంది. క్లోన్ అడిగినప్పుడల్లా సర్వర్లో పంపాల్సినవి మూటగట్టే ప్యాక్-ఆబ్జెక్ట్స్ అనే ప్రాసెస్ లేస్తుంది. ఏమీ సెట్ చేయకపోతే అది ఎన్ని కోర్లుంటే అన్ని థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) వాడుతుంది, డెల్టా (ఫైళ్ల మధ్య తేడా) లెక్కలకి వాడే మెమరీకి హద్దు లేదు. పాత రిపాజిటరీలో పెద్ద పెద్ద ఫైళ్లున్నాయి. నాలుగైదు క్లోన్లు ఒకేసారి పడితే సర్వర్ పనైపోయినట్టే. దాన్ని ఆపే అధికారం ఎవరికీ ఇవ్వలేదు, హద్దూ పెట్టలేదు. అంటే అచ్చేసిందేనండి.

గుంటూరు నుంచి ఒకావిడ: ఆంబోతు బాగుంది. కానీ మీ పుస్తకంలో జాంబీని దీనితో కలిపేయకండి, మా దగ్గరా అందరూ కలిపేస్తారు. జాంబీ ఆల్రెడీ చచ్చిపోయింది, సీపీయూ తినదు. తల్లి ప్రాసెస్ దాని ముగింపు కబురు అందుకోలేదు కాబట్టి పట్టికలో పేరు మిగిలింది, పోయినవాళ్ల పేరు రేషన్ కార్డులో ఉన్నట్టు. కిల్ 9 (ఉన్నపళంగా చంపే ఆజ్ఞ) కొట్టినా పోదు, తల్లి సంగతి చూడాలి. తల్లి ముందే పోయి బతికున్న పిల్లని ఆర్ఫన్ అంటారు. దాన్ని మామూలుగా ఒకటో నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది. అక్కడ 'అనాథ' అని రాసినా తప్పు లేదు.

ఇంకోటి. ఆంబోతు కనబడగానే కిల్ 9 కొట్టమని మాత్రం రాయకండి. ముందు 15 (మర్యాదగా ఆగమనే సంకేతం) పంపితే గిట్ తన లాక్ ఫైళ్లు (పని జరుగుతోంది, ముట్టుకోవద్దనే గుర్తులు) తీసేసి పోతుంది. 9 కొడితే సర్దుకునే టైమే ఉండదు. లాక్ ఫైలు అక్కడే ఉండిపోయి తర్వాతి పనిని ఆపుతుంది, సగం రాసిన ప్యాక్ ఫైళ్లు డిస్కులో పడి ఉంటాయి.

అడిగినాయన: రాసుకున్నానండి. ప్యాక్ థ్రెడ్లకీ, విండో మెమరీకీ (అదే, డెల్టా లెక్కల మెమరీ) ఇవాళే పరిమితి పెట్టాను. సీగ్రూప్ అంటే ఒక గుంపులోని ప్రాసెస్‌లన్నిటికీ కలిపి సీపీయూ, మెమరీ హద్దు గీసేది. దాన్ని 'బందెలదొడ్డి' అని రాయొచ్చా మాస్టారూ?

తెనాలి మాస్టారు: రాయకూడదు. చేను మేశాక తోలేది బందెలదొడ్డి. మీరు చెప్పేది ముందే వేసే కంచె.