సొంత కెర్నల్‌లో రెండు సెషన్ల సీడీ మౌంట్ కావడం లేదు

ప్రశ్న (ప్రొద్దుటూరు):
అందరికీ నమస్తే. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. ఏడాదిగా ఒక చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) రాసుకుంటున్నాను. అందులో ఐఎస్ఓ 9660 (సీడీలో ఫైళ్లను అమర్చే పద్ధతి) డ్రైవర్ దగ్గర నాలుగు రాత్రులుగా ఇరుక్కుపోయాను.

పరీక్షకు వాడుతున్నది మా అక్క పెళ్లి సీడీ. స్టూడియోలో ముందు పెళ్లి ఫోటోలు రాసిచ్చి, తర్వాత రిసెప్షన్‌వి అదే డిస్క్‌లో ఇంకో సెషన్‌గా (విడతగా) ఎక్కించారు. డిస్క్‌ను సెక్టార్లనే చిన్న ముక్కలుగా చదువుతాం; డిస్క్ వివరాలుండే డిస్క్రిప్టర్ కోసం 16వ సెక్టార్ చదివితే పెళ్లి ఫోల్డర్ ఒక్కటే కనిపించేది. అందుకని చివరి సెషన్ ఎక్కడ మొదలవుతుందో డ్రైవ్‌నే అడిగాను. 1,98,700 అంది. దానికి 16 కలిపి చదివితే డిస్క్రిప్టర్ గుర్తు ‘సీడీ001’ చక్కగా వచ్చింది. రూట్ డైరెక్టరీ (అన్నిటికీ పైనుండే ఫోల్డర్) చదవబోతే మాత్రం ఎర్రర్. లాగ్‌లో సెక్టార్ 3,97,423, సెన్స్ (డ్రైవ్ ఇచ్చే ఎర్రర్ కోడ్) 5/21/00. కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్ క్యూఎములో ఐఎస్ఓ ఫైల్ (సీడీ నకలు) ఇస్తే ఏ తేడా లేకుండా మౌంట్ అవుతోంది. డిస్క్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది, ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కాపీనే.

జవాబు (అనంతపురం):
ఐఎస్ఓలో చాలా అంకెలను రెండుసార్లు రాస్తారు, ముందు లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైట్ ముందు), వెనకాలే బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైట్ ముందు). డిస్క్రిప్టర్‌లో రూట్ అడ్రస్ ఉండే 158వ బైట్ నుంచి 4 బైట్లే తీసుకుంటున్నారా?

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అవునన్నా, 4 మాత్రమే. అది మొదట్లోనే సరిచూసుకున్నాను.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ, డిస్క్‌కు ఏమీ కాలేదు, కంగారు పడొద్దు. 5/21 అంటే ‘నువ్వడిగిన అడ్రస్ నా దగ్గర లేదు’ అని డ్రైవ్ చెప్పడం. గీత పడి చదవలేకపోతే సెన్స్ 3 వచ్చేది. 700 ఎంబీ సీడీలో ఉండేవే దాదాపు 3,60,000 సెక్టార్లు, 3,97,423 ఎక్కడి నుంచి వస్తుంది? అందులోంచి 1,98,700 తీసెయ్, 1,98,723 మిగులుతుంది. నీ రూట్ అక్కడుంది. సెషన్ మొదలును నువ్వు రెండోసారి కూడా కలుపుతున్నావు.

డిస్క్రిప్టర్‌ను వెతకడానికే సెషన్ మొదలు కలపాలి. దాని లోపల ఉన్న అడ్రస్‌లన్నీ డిస్క్ మొదటి నుంచి లెక్కేసినవే. అలా ఉండబట్టే రెండో సెషన్ డైరెక్టరీ, మొదటి సెషన్‌లోని ఫైళ్లను కూడా చూపించగలుగుతుంది. లినక్స్‌లోని సీడీ డ్రైవర్ ఐసోఫ్స్‌లోనూ ఇంతే: సెషన్ మొదలుకు 16 కలిపి డిస్క్రిప్టర్ వెతుకుతుంది, ఆ పైన కలపడమే ఉండదు. క్యూఎములో నీకు మొదలు సున్నా. సున్నాను ఎన్నిసార్లు కలిపినా తప్పు బయటపడదు కదా.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అన్నా, దొరికింది! సెక్టార్ చదివే ఫంక్షన్‌లోనే సెషన్ మొదలును కలిపేశాను, అందుకే ప్రతి రీడ్‌కూ కలుస్తోంది. అక్కడ తీసేసి, డిస్క్రిప్టర్ వెతికే చోట మాత్రమే పెట్టాను. ఇప్పుడు రెండు ఫోల్డర్లూ కనబడుతున్నాయి. రిసెప్షన్ ఫోల్డర్‌లో మా జేజి ఒక్కతే కుర్చీలో కూర్చున్న ఫోటో ఉంది, దాన్ని మేమెవరమూ ఇంతవరకు చూడలేదు. రేపు రెండు సెషన్లతో ఇంకో డిస్క్ రాసి టెస్టుల్లో చేరుస్తాను.